రెండు రిజిస్టర్లు

మా తాత కథోలిక గుడికి ఉపదేశి. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియడం లేదు, అందుకని చెబుతాను. విచారణ అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్ళు. ఆ విచారణ గురువు పెద్ద ఊళ్ళో ఉండేవారు. ఆయన కింద పదో పదిహేనో పల్లెలు. నెలకోసారి, వానాకాలమైతే రెండు నెలలకోసారి సైకిలు మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా రోజులు పల్లెకు దిక్కు ఉపదేశే. పొద్దునా సాయంత్రం గంట కొట్టడం, జపమాల చెప్పించడం, పిల్లల చేత జ్ఞానోపదేశం వల్లె వేయించడం, ఎవరైనా అవసాన దశలో ఉంటే అర్ధరాత్రయినా వెళ్ళి ఫాదర్ గారిని పిలుచుకు రావడం. ఆయన వచ్చేలోగా పసిబిడ్డ పోయేటట్టుంటే తానే తలమీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇచ్చేవాడు. ఆపద సమయంలో అలా ఎవరైనా ఇవ్వవచ్చు.

మాది నరసరావుపేట వైపు పల్లె. పేరు రాయను. రాస్తే అక్కడివాళ్ళకు ఇందులో ఎవరెవరో తెలిసిపోతుంది.

తాత రేకుపెట్టెలో ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. అట్టకు నల్లగుడ్డ అతికించాడు. బిడ్డ పేరు, పుట్టిన రోజు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, అన్నీ వంకీలు తిరిగిన అక్షరాలతో అందులో రాసుకునేవాడు. దాన్ని చూసి ఫాదర్ గారు విచారణ రిజిస్టరులో ఎక్కించేవారు. ఆ పెద్ద రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా కాస్త ఖాళీ వదులుతారు. ఆ మనిషికి భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ఎప్పుడు అందిందో, పెళ్ళి ఎక్కడ ఎవరితో జరిగిందో ఆ ఖాళీలో రాస్తారు. మనం ఏ దేశంలో గుళ్ళో పెళ్ళి చేసుకున్నా ఆ కబురు జ్ఞానస్నానం పొందిన విచారణకు చేరాలి. "గవర్నమెంటోళ్ళు మర్చిపోతారేమో గానీ ఈ పుస్తకం మర్చిపోదురా" అనేవాడు తాత. ఆ మాట అన్నప్పుడల్లా కాస్త గర్వంగా మీసం సవరించుకునేవాడు.

మా పేర్లు బయటివాళ్ళకు వింతగా ఉంటాయి. శౌరి అంటే సేవియర్. ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్. జోజి అంటే జోసఫ్. పేతురు అనే మాటకు రాయి అని అర్థం కాబట్టి పేతురుగారు రాయప్ప అయ్యారు, పౌలుగారు చిన్నప్ప అయ్యారు. అరవదేశం మీదుగా మనదాకా వచ్చిన పేర్లివి. మా నాన్న చిన్నప్ప, చిన్నాన్న రాయప్ప. ఇద్దరి పునీతుల పండుగా ఒక్కరోజే, జూన్ 29. ఆ రోజు మా నాయనమ్మ కోడిని కోసేది, ఇద్దరు కొడుకుల పేరుమీదా కలిపి ఒక్కటే.

చిన్నాన్న అంటే నాకు ముందు గుర్తొచ్చేది పెద్ద శుక్రవారం, గుడ్ ఫ్రైడే. ఆ రోజు గుడిలో గంట మోగదు. గురువారం సాయంత్రం పూజలో మోగిన గంట మళ్ళీ పాస్కా (ఈస్టర్) రాత్రి దాకా నోరెత్తదు. దాని బదులు చెక్క గిలక. పిల్లలం దాన్ని తిప్పుకుంటూ వీధులన్నీ తిరిగేవాళ్ళం. మధ్యాహ్నం యోహాను రాసిన పాటుల చరిత్రను, అంటే క్రీస్తు శ్రమల కథను, పాత్రలుగా పంచుకుని చదివేవారు. క్రీస్తు మాటలు ఫాదర్ గారివి, కథ చెప్పేది తాత, పిలాతుగా ఎవరో గొంతున్నవాడు. పేరు కలిసింది కదా అని, క్రీస్తును ఎరగనని బొంకిన పేతురు మాటలు ఎప్పుడూ రాయప్ప చిన్నాన్నకే ఇచ్చేవాడు తాత. "నువ్వు కూడా ఆయన శిష్యులలో ఒకడివి కదా?" అంటే, చిన్నాన్న గుడి మధ్యలో నిలబడి "నేను కాను" అనాలి. అంతే, రెండే మాటలు. చిన్నప్పటి నుంచీ ఏటా అతనే చదివాడు. అతను ఆ మాట అనగానే ఆడవాళ్ళ వైపు ఎవరో ఒకరు ముక్కు చీదేవారు.

1980లో మాత్రం చదవలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. తాత పుస్తకం అందిస్తే చిన్నాన్న తీసుకోలేదు. "గొంతు బాగోలేదు నాయనా" అన్నాడు. తాత ఇంకో మాట అడక్కుండా పుస్తకం మా నాన్నకిచ్చాడు. ఆ తర్వాత చిన్నాన్న ఎప్పుడూ ఆ మాటలు చదవలేదు. ఎందుకో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అంతకు ముందు సంవత్సరమే చిన్నాన్నకు సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. రాయలసీమలో ఒక తాలూకా ఊరు. ఉద్యోగం వచ్చింది రామప్పకు.

అది ఎలా జరిగిందంటే, మా నాన్న ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) స్కూల్లో చదివాడు, అక్కడ క్రిస్టియన్ అనే రాశారు. చిన్నాన్న ఆరో తరగతికి వేరే ఊరి హైస్కూలుకు వెళ్ళాడు. చేర్చుకునేటప్పుడు అక్కడి మాస్టారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, "ఈ పేరుంటే రేపు నీకు ఏదీ రాదురా" అని, రిజిస్టరులో 'య' తీసేసి 'మ' పెట్టారు. తెలుగులో ఆ రెండక్షరాలకూ ఎంత తేడా? ఒకటో తరగతి పిల్లలు ఇప్పటికీ తికమకపడతారు. మతం దగ్గర హిందూ, కులం దగ్గర ఆది ఆంధ్ర. ఆ మాస్టారికి మా మీద కోపమేమీ లేదు, మంచి చేద్దామనే చేశారు. తాతకు ఆ సంగతి పదో తరగతి సర్టిఫికెట్టు ఇంటికొచ్చినప్పుడు గానీ తెలియలేదు. చాలాసేపు ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాడట. ఏమీ అనలేదట. మా నాయనమ్మ చెప్పింది.

ఆ కాగితం వెనక ఉన్న చట్టం గురించి నేను పెద్దయ్యాక చదివాను. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందూ మతంలో లేనివాళ్ళను షెడ్యూల్డు కులస్తులుగా లెక్కించకూడదని దానిలో మూడో పేరా చెబుతుంది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ లోపలికి చేర్చుకున్నారు. క్రైస్తవులూ ముస్లిములూ ఇప్పటికీ బయటే. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు బీసీ–సి. దానికి ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. అదే ఎస్సీలకైతే పదిహేను. మా నాన్నా చిన్నాన్నా ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే గుడిసెలో పెరిగి, ఊరి హోటల్లో ఒకే విడి గ్లాసులో టీ తాగినవాళ్ళు. కాగితం మీద ఒకడు బీసీ, ఒకడు ఎస్సీ. నాన్న కూడా అలాంటి పరీక్షలు మూడు నాలుగు రాశాడు, రాలేదు. చివరికి మిషను స్కూల్లో మాస్టారుగా చేరాడు. ఒకసారి కోపంలో తాత మీద అరిచాడు: "నిజం చెప్పినోడికి ఒక్క శాతం నాయనా!"

మద్రాసులో సూసై అనే చెప్పులు కుట్టే ఆయన కేసు 1985లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రోడ్డు పక్కన కూర్చుని కుట్టుకునే ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా బంకులిచ్చింది. ఈయన క్రైస్తవుడని ఇవ్వలేదు. మతం మారాక కూడా కులం బాధ అంతే తీవ్రంగా ఉంటుందని చూపడానికి తగిన ఆధారాలు లేవంది కోర్టు. ఆ తీర్పు చదువుతున్నప్పుడు నాకు మా ఊరి హోటలు ముందు చూరులో దోపిన ఆ గ్లాసు కళ్ళముందుకొచ్చింది. మా గ్లాసు తీసి ఇచ్చేవాడు జ్ఞానస్నానం అయిందా అని ఎప్పుడూ అడగలేదు.

ఇంకో సంగతి. ఈమధ్య ఫోన్లలో మమ్మల్ని బియ్యం బస్తా కోసం మారినవాళ్ళని వెక్కిరిస్తుంటారు. మా ఇంటి లెక్క చూడండి. మారలేదని రాయించుకున్న చిన్నాన్నకు నెలనెలా సర్కారు జీతం వచ్చింది. మారామని ఒప్పుకున్న మా నాన్న ఇంట్లో ఒకటో తేదీకి ముందే బియ్యం అయిపోయేవి. వెక్కిరించేవాళ్ళు ఆ బస్తా ఏ వైపుందో ఇంకోసారి చూసుకుంటే బాగుండును.

అలాగని మా శ్రీసభను, అంటే మా చర్చిని, కడిగిన ముత్యం అనను. మా విచారణ ఊళ్ళో రెడ్లు ఉన్నారు, కొన్ని తరాల కింద క్రైస్తవులైన కుటుంబాలు. వాళ్ళు కథోలికులయ్యాక కూడా రెడ్లే. పేరులో శౌరీ ఉంటుంది, రెడ్డీ ఉంటుంది. వాళ్ళలో ఎవరికీ రెండు పేర్లు పెట్టుకోవలసిన అవసరం పడలేదు. పెద్ద పండుగలకు మేం పల్లెనుంచి నడిచి వెళితే గుడిలో ముందు చాపలు వాళ్ళవి. ఎవరూ లేవమనేవారు కాదు, మేమే వెళ్ళి వెనక కూర్చునేవాళ్ళం. సత్ప్రసాదానికి, అంటే పూజలో ఇచ్చే పవిత్ర అప్పానికి, వరస మాత్రం ఒక్కటే. అయినా మా వాళ్ళు ముందువాళ్ళంతా లేచి వెళ్ళేదాకా ఆగేవారు. "యూదుడని గ్రీకువాడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు" అనే చిన్నప్పగారి లేఖ చదివేది కూడా ఆ గుడిలోనే. తేరు మొయ్యడానికి మా భుజాలు ఎప్పుడు పనికొస్తాయన్న దానిమీద ఒక ఏడాది పెద్ద గొడవే అయింది. అది ఇప్పుడు తవ్వను. అందులో సగంమంది లేరు, మిగతా సగంమంది వియ్యంకులయ్యారు.

2016లో భారత కథోలిక పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య దళితుల విషయంలో ఒక విధాన పత్రం తెచ్చింది. కులవివక్ష శ్రీసభలోనూ ఉందని అందులో ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం మాకు తెలిసిన పనే. మోకాళ్ళమీద కూర్చుని మొదట చేసేది అదే కదా. ఆ తర్వాత చేయవలసిన పనుల దగ్గరే అందరం ఆగిపోతాం.

చిన్నాన్న ముప్పై రెండేళ్ళు సర్వీసు చేశాడు. పనిచేసిన ఊళ్ళలో గుడికి వెళ్ళేవాడు కాదు. ఆదివారం బస్సెక్కి పక్క టౌనుకు వెళ్ళి, ఎవరూ ఎరగని గుడిలో వెనక నిలబడి, పూజ అయ్యీ కాకముందే బయటపడేవాడు. పిన్ని మెడలో జపమాల ఇంట్లోనే. ముందుగదిలో క్యాలెండరు కూడా జాగ్రత్తగా ఎంచి తగిలించేవాళ్ళు. ఇద్దరు పిల్లలకూ జ్ఞానస్నానం మాత్రం మా పల్లెలో, తాత చేతుల మీదుగా రాయించి ఇప్పించాడు. కూతురి పెళ్ళికి రెండు రకాల శుభలేఖలు అచ్చు వేయించాడు. ఊరివాళ్ళ కార్డు మీద సిలువ, 'రాయప్ప'. ఆఫీసువాళ్ళ కార్డు మీద మామిడాకు తోరణం, 'రామప్ప'. పొద్దున గుడిలో పెళ్ళి, సాయంత్రం ఫంక్షన్ హాల్లో రిసెప్షను. మేం నలుగురం ఆ కార్డులు తారుమారు కాకుండా పంచడానికి పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు చిన్నాన్న మొహంలో నవ్వు లేదు.

అతను దర్జాగా తలెత్తుకు వెళ్ళిన చోటు ఒక్కటే, గుణదల. లూర్దుమాత పండుగకు ఫిబ్రవరిలో మూడు రోజులు విజయవాడలో ఆ కొండ కింద జనం ఇసకేస్తే రాలరు. 1924లో అర్లాటి ఫాదర్ గారు అక్కడ మాత స్వరూపం పెట్టినప్పటి నుంచీ అది పెరుగుతూనే ఉంది. తలనీలాలిచ్చేవాళ్ళు, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళు, పిల్లను ఎత్తుకుని మెట్లెక్కే గోచీపాత రైతు, బొట్టుపెట్టుకున్న ఆఫీసరుగారి భార్య, అందరూ ఉంటారు. "గుణదలకు ఎవరైనా పోతారు అబ్బాయ్. అక్కడ నన్ను చూసినా అది సాక్ష్యం కాదు" అన్నాడు ఒకసారి. తమాషాగా అన్నాననుకున్నాడు. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది.

రిటైరయ్యాక, 2013లో, ఆ కొండ మెట్లమీదే కూర్చుని తన పాపసంకీర్తనం సంగతి, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకున్న సంగతి, నాకు చెప్పాడు. అందులో విన్నది ఫాదర్ గారు ఎవరికీ చెప్పకూడదు, ప్రాణం పోయినా సరే. చెప్పుకున్నవాడు మాత్రం ఎవరికైనా చెప్పుకోవచ్చు.

ఉద్యోగంలో చేరాక వచ్చిన తపస్సుకాలంలోనే, ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో, మొదటిసారి చెప్పాడట. ఆ ఫాదర్ గారు, "అయితే కాగితం మార్పించుకో" అన్నారట. పాపమన్నింపు కావాలంటే ఇకమీదట చేయనని గట్టిగా అనుకోవాలి. మనస్తాప జపంలో ఆ మాట ఉంది. "నేను ఎట్లా అనుకునేది? అది రోజూ చేసే పాపం కాదు, ఒకసారి చేసి మానేసింది కాదు. సర్వీసు రిజిస్టరులో ఉంది. నేను నిద్రపోతున్నా అది ఉంటుంది." మన్నింపు తీసుకోకుండానే లేచి వచ్చేశాడు. ఆరేళ్ళు సత్ప్రసాదం ముట్టలేదు. పండుగకు ఊరొచ్చినప్పుడు అందరూ వరసలో వెళుతుంటే అతను కూర్చునే ఉండేవాడు. తాత చూసేవాడు. తాత అతన్ని ఏనాడూ ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేదేమో అన్నాడు చిన్నాన్న.

ఆ తర్వాత ఏదో టౌనులో ఒక ముసలి ఫాదర్ గారు దొరికారు. జల్లెడ చెక్కకు అవతల అంతా విని, చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "ఇంట్లో జపం ఉందా?" అని అడిగారు. ఉందన్నాడు. "పిల్లలు?" జ్ఞానస్నానం ఇప్పించానన్నాడు. "నాయనా, ఈ వరసలో నిలబడ్డది నువ్వొక్కడివే. ఆ చట్టం రాసినవాళ్ళు రాలేదు. గుళ్ళో నిన్ను వెనక కూర్చోబెట్టినవాళ్ళూ ఈ పాపం చెప్పడానికి నా దగ్గరికి రాలేదు" అన్నారట. పాపపరిహారంగా జపాలేమీ ఇవ్వలేదు. జీతం వచ్చినంతకాలం ఒక బీదపిల్లవాడి చదువు ఖర్చు పెట్టుకోమన్నారు, వాడు ఏ మతమైనా సరే. చిన్నాన్న పెట్టుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు అయిదుగురు. మా పిన్నికి కూడా మొదటి ఇద్దరి సంగతి తెలియదు.

వేదాంతం చదివినవాళ్ళు ఆ ముసలి ఫాదర్ గారిది తప్పనవచ్చు. అబద్ధం అబద్ధమే కదా, మన్నింపుకు నియమాలున్నాయి కదా అనవచ్చు. నేననను. రెండవ జాన్ పౌలు పాపుగారు (పోపు) 1987లో రాసిన ఒక విశ్వలేఖలో 'పాపపు నిర్మాణాలు' అనే మాట వాడారు. అవి వాటంతట అవి పుట్టవు, మనుషుల సొంత పాపాలే పేరుకుని గోడలవుతాయని దాని భావం. నేను దాన్ని చదివింది గుణదల మెట్లమీద ఆ మాటలు విన్నాక. చదువుతుంటే ఆ ఫాదర్ గారి గొంతే వినిపించింది. గోడ కట్టినవాళ్ళు ఇళ్ళలో నిద్రపోతే, గోడ దూకినవాడు ఆరేళ్ళు ఆకలితో కూర్చున్నాడు.

గోడ ఇంకా ఉంది. ఆ మూడో పేరా మీద 2004లో వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టులో ఏళ్ళ తరబడి నానుతూ వచ్చాయి. 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు, దాని గడువు పొడిగించారు. ఏటా ఆగస్టు 10న మా వాళ్ళు నల్ల రిబ్బన్లు కట్టుకుంటారు. నేనూ రెండుసార్లు కట్టుకున్నాను. చిన్నాన్న ఎప్పుడూ రాలేదు, రాలేడు కూడా. పెన్షను ఉంది కదా.

2022 ఆగస్టు 27 రాత్రి మాత్రం అతనే నాకు ఫోను చేశాడు. రోములో ఫ్రాన్సిస్ పాపుగారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని గారి తలమీద ఎర్రటోపీ పెట్టిన రోజు. దళితుడు కార్డినల్ కావడం అదే మొదలు. అంతకు ముందు 2000లో మారంపూడి జోజి గారు హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయినప్పుడు కూడా చిన్నాన్న ఇలాగే ఫోను చేశాడు, అప్పుడు ఎస్‌టీడీ బూతు నుంచి. ఈసారి ఇంట్లోంచే, టీవీ పెద్దగా పెట్టి. "చూస్తున్నావా అబ్బాయ్?" అన్నాడు. చూస్తున్నానన్నాను. "మీ తాత ఉంటే..." అని ఆగిపోయాడు. తర్వాత, "ఆయన పేరు ఒక్కటేరా. చర్చీలో, కాగితంలో, టీవీలో, ఒక్కటే" అన్నాడు.

మరుసటి ఏడు తపస్సుకాలంలో పోయాడు. మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు. చివరి ఘడియల్లో ఇచ్చే అవస్థ అభ్యంగనం అందింది. ఊరికి తీసుకొచ్చి తాత పక్కనే పెట్టాం. ఆస్పత్రి కాగితంలో, మరణ ధ్రువీకరణ పత్రంలో రామప్ప. పిన్నికి ఫ్యామిలీ పెన్షను రావాలంటే అలాగే ఉండాలి. విచారణ గుడిలో మరణాల రిజిస్టరులో రాయప్ప. ఫాదర్ గారు కొత్తవారు, కుర్రవాడు. "ఆధార్‌లో వేరేలా ఉందే" అన్నారు. మా నాన్న వణికే వేలితో జ్ఞానస్నానపు పాత రిజిస్టరు తిప్పి, 1953లో ఉన్న పేరు చూపించాడు. పక్కన ఖాళీలో అభ్యంగనం, పెళ్ళి, అన్నీ ఉన్నాయి. ఫాదర్ గారు ఇంకేమీ అడగలేదు.

సమాధి మీద సిలువ కట్టించడం ఆత్మల పండుగ దాకా పడింది. నవంబరు రెండుకు అందరూ సున్నాలు వేసుకుంటారు కదా, ఆ హడావిడిలో మేస్త్రీ దొరకడమే కష్టం. చెల్లెలు తొందరలో అతనికి ఆధార్ జెరాక్సు ఇచ్చి వెళ్ళింది, పుట్టిన తేదీ కోసం. పేరు నేను చీటీ మీద రాసిచ్చాను. అతను బ్రష్షు నల్లరంగులో ముంచి, జెరాక్సూ చీటీ పక్కపక్కన పెట్టుకుని, రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"ఇది యానా, మానా అమ్మా?" అన్నాడు.

పిన్ని అప్పటిదాకా పక్క సమాధిమీద గడ్డి పీకుతూ ఉంది. లేచి వచ్చింది. చుట్టూ చూసింది. అలవాటు. ఆ తర్వాత, "యా" అంది. అతను ఆ అక్షరం పూర్తిచేసేదాకా అక్కడే నిలబడింది.